వృద్ధులు నాయకులైన చిత్రములు

సినిమా యనునది పడుచువారి వ్యవహారమనియు, పెద్దవారికి దానితో పని లేదనియు మన గ్రామములలో పలువురు తలచుచుందురు. ఆ తలంపునకు కారణము లేకపోలేదు. మన చిత్రములలో తండ్రి యనువాడు తరచుగా మొదటి అరగంటలోనే కన్ను మూయును. బ్రదికియుండినచో కొడుకు పెండ్లికి అడ్డు చెప్పుటకే బ్రదికియుండును. తల్లి కుట్టుమిషను త్రొక్కుచు దగ్గుచుండును. కథ ముగియు వేళకు వీరిరువురిని పిలిచి, అక్షతలు చల్లించి, మరల లోనికి పంపివేయుదురు. అరువదియేండ్లు దాటిన మనిషికి మనస్సున్నదనియు, ఆ మనస్సులో ఒక కథకు చాలినంత సామగ్రి యున్నదనియు తలచి చిత్రము తీసినవారు మిక్కిలి తక్కువ.

తక్కువయే గాని, లేకపోలేదు. నేను చిత్రములు చూచు వ్యసనము చిరకాలముగా గలవాడను. ఈ నడుమ కొన్ని మాసములపాటు, ముసలివారే నాయకులుగా గల చిత్రములను ఏరి యేరి చూచితిని. వానిలో ఒకటి అమెరికాదేశపుది, ఒకటి జపానుది, ఒకటి వంగదేశపుది, ఒకటి మన తెలంగాణపు పల్లెది. వానిని గూర్చి నాకు దోచిన నాలుగు మాటలు విన్నవించుకొందును. నా యభిప్రాయములతో మీరందరును ఏకీభవింపవలెనని నియమము లేదు. ఒక మాట మాత్రము మన పెద్దలకు కొంత కటువుగా నుండవచ్చును. అది ముందు వచ్చును.

అమెరికా చిత్రము 1937లో వెలువడినది. పేరు "మేక్ వే ఫర్ టుమారో". రేపటికి దారి విడువుడని దాని యర్థము. లియో మెకారీ దర్శకుడు. బార్క్ అను వృద్ధుడును లూసీ అను వృద్ధురాలును ఏబదియేండ్లు కాపురము చేసినవారు. ఆయనకు పని లేదు. ఇంటిమీది యప్పు తీరకపోవుటచే బ్యాంకువారు ఇల్లు స్వాధీనము చేసికొనుచున్నారు. బిడ్డలు అయిదుగురు. తలిదండ్రులను ఇరువురను కలిపి యుంచుకొనుటకు ఒక్కరి యింటను వీలు లేదు. కావున తల్లిని న్యూయార్కులోని కొడుకింటికిని, తండ్రిని వందల మైళ్ల దూరమందలి కూతురింటికిని పంపుదురు. కొద్దినాళ్లకే యని బిడ్డలందురు. ఆ మాట మన చెవులకును క్రొత్తది కాదు.

ఇందులో ఒక ఘట్టమున్నది. కోడలు ఇంటివద్ద నలుగురిని చేర్చి బ్రిడ్జి అను పేకాట నేర్పి నాలుగు డబ్బులు సంపాదించుచుండును. ఆ పాఠము జరుగుచుండగా ముసలామె కుర్చీ కిర్రుకిర్రుమని చప్పుడు చేయును. ఆమె ఒకరి చేతిలోని ముక్కలను చూచి మరియొకరియెదుట మాటలాడును. చూచువారికి ఆమె మీద కొంచెము విసుగే కలుగును. దర్శకుని యుద్దేశమును అదియే. అంతలో టెలిఫోను మ్రోగును. దూరముననున్న భర్త మాటలాడుచున్నాడు. ఆమె, టెలిఫోను వాడుక లేనివారు మాటలాడునట్లు, ఆ దూరమునకు వినిపింపవలెనని గట్టిగా మాటలాడును. చలిగాలిలో తిరుగకుమనును. తాను సుఖముగానే యున్నాననును. పేకముక్కలు చేతబట్టినవారు మొదట చిరాకుతో వినిరి, పిదప తలలు వంచికొనిరి. గదిలో చప్పుడు లేదు. ఆమె మాత్రము తన్ను ఎవరైన వినుచున్నారను తలంపే లేక మాటలాడుచుండును. అంతవరకు విసుగుకొన్న మనకు సిగ్గు కలుగును. ఒక్కమాటయైన బోధింపక మనుష్యులకు సిగ్గు కలిగించుట యెట్లో ఈ దర్శకునకు తెలియును.

కొడుకు తల్లిని వృద్ధస్త్రీల యాశ్రమమునకు పంపవలెనని నిశ్చయించుకొని, ఆ మాట చెప్పుటకు నోరు రాక తడబడుచుండగా, ఆ సంగతి ముందే పసిగట్టిన తల్లి తానే "నన్ను అచ్చటికి పంపుము" అని యడుగును. కొడుకునకు కష్టము కలుగకుండుటకు అబద్ధమాడును. ఒక్క కోరిక మాత్రము కోరును: తాను ఆశ్రమములో నున్నట్లు తన భర్తకు ఎన్నడును తెలియరాదు. తండ్రిని కాలిఫోర్నియాలోని మరియొక కూతురి యొద్దకు పంపుచున్నారు. ఇరువురకును మిగిలినవి న్యూయార్కులో కొన్ని గంటలు. బిడ్డల యింట విందు సిద్ధముగా నుండగా దానికి పోక, వారిరువురును తాము పెండ్లియైన క్రొత్తలో దిగిన హోటలునకు పోయి భోజనము చేయుదురు. పిదప రైలు. అంతే. రైలు కదలిన తరువాత ఆమె ప్లాట్‌ఫారముమీద ఒంటరిగా నిలుచును. చిత్రసంస్థవారు చివర కొంచెము సంతోషకరముగా మార్చుమని దర్శకుని కోరిరి. ఆయన మార్చలేదు. చిత్రమునకు డబ్బు రాలేదు. ఆయన ఆ సంస్థను విడువవలసి వచ్చెను. అదే సంవత్సరము ఆయన తీసిన వేరొక హాస్యచిత్రమునకు ఆస్కారు బహుమానము రాగా, మీరు తప్పు చిత్రమునకు ఇచ్చితిరని ఆయన సభలోనే యనెనట.

తల్లి వేషము ధరించిన బ్యూలా బాండికి అప్పటికి ఏబదియేండ్లైనను నిండలేదు. కొడుకు వేషము ధరించిన నటునికిని ఆమెకును మూడు నాలుగేండ్లే తారతమ్యము. తెరమీద మాత్రము ఆమె డెబ్బదియేండ్ల ముదుసలియే. నడకలోను, కూర్చుండుటలోను, మాటకు మాటకు నడుమ ఊపిరి తీయుటలోను ఎచ్చటను దొరకదు.

ఆ దేశమున వృద్ధులకు ఆధారము కల్పించు చట్టము 1935లో వచ్చినది గాని, నెలనెల పింఛను చెల్లించుట 1940లో గాని మొదలు కాలేదు. ఈ కథ ఆ రెండింటి నడుమ జరిగినది. మనకును 2007లో తలిదండ్రుల పోషణకు చట్టము వచ్చినది. పోషింపని బిడ్డలమీద ట్రైబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును, వకీలు అక్కరలేదు. పెద్దలు ఇది తెలిసికొనియుండుట మంచిది. అయినను, ఈ చిత్రములోని ముసలివారికి కావలసినది తిండి కాదు. తిండి ఉభయులకును దొరకుచునేయున్నది. వారికి కావలసినది ఒకరికొకరు. దానిని ఏ ట్రైబ్యునలు ఇప్పింపగలదు?

మన తెలుగులోను ఇట్టి కథ రాకపోలేదు. నందమూరి తారకరామారావును అంజలీదేవియు నటించిన "బడిపంతులు" 1972లో వచ్చినది. 1958లో కన్నడమున వచ్చిన "స్కూల్ మాస్టర్" దానికి మూలము. అందులోను ముసలి దంపతులను కొడుకులు చెరియొకరిని పంచుకొందురు. ఆ చిత్రమును చూచి కన్నీరు కార్చినవారిలో నేనును ఒకడను. అయినను చెప్పవలసిన మాట చెప్పెదను. బిడ్డలు దుర్మార్గులు, తలిదండ్రులు దేవతలు అని విభజించి చూపు చిత్రములు మనకు, అనగా పెద్దవారికి, ఎంతో ఊరట నిచ్చును. ఇంటికి వచ్చి "చూచితివా, లోకము ఇట్లున్నది" అని కొడుకుతో అనుటకు పనికివచ్చును. కాని అవి నిజము చెప్పవు. నేను చూచినంతలో, తలిదండ్రులను కావలెనని బాధపెట్టు బిడ్డలు ఎందరో లేరు. తీరిక లేనివారు, ఇరుకింటిలో కాపురముండువారు, పెద్దలకును భార్యకును నడుమ నలిగి నోరు మూసికొన్నవారు కోకొల్లలు. అమెరికా చిత్రములోని కొడుకు చెడ్డవాడు కాడు. అందుచేతనే ఆ చిత్రము మరింత బాధించును.

ఈ సంగతిని అందరికన్న బాగుగా గ్రహించినవాడు జపానుదేశపు దర్శకుడు యసుజిరో ఓజూ. ఆయన తీసిన "టోక్యో కథ" 1953 నాటిది. కథారచనలో ఆయనకు సహాయుడైన కోగో నోడా పైనిచెప్పిన అమెరికా చిత్రమును చూచి యుండెను. ఈ కథకు బీజము అచ్చటనే పడినది. కాని చెట్టు వేరు. 2012లో "సైట్ అండ్ సౌండ్" అను బ్రిటిషు పత్రికవారు ప్రపంచమందలి దర్శకుల యభిప్రాయములు సేకరింపగా, అన్ని కాలముల చిత్రములలోను దీనికే వారు ప్రథమస్థాన మిచ్చిరి. బహుమానములనుబట్టి చిత్రములు చూడవలెనని నే ననను గాని, ఈ మారు ఆ దర్శకులు పొరబడలేదు.

ఒనోమిచి యనునది సముద్రతీరమందలి చిన్న పట్టణము. అచ్చటి వృద్ధదంపతులు టోక్యోనగరములోని బిడ్డలను చూచుటకు ప్రయాణమగుదురు. పెద్దకొడుకు చిన్నపిల్లల వైద్యుడు. గొప్ప డాక్టరని ఊరిలో చెప్పుకొన్నారు. తీరా పోయి చూడగా నగరపు చివర చిన్న ఇల్లు, చిన్న వైద్యశాల. తలిదండ్రులను ఊరు చూపింప బయలుదేరుచుండగా ఎవరో రోగి పిలుపు వచ్చును, ప్రయాణమాగిపోవును. పెద్దకూతురు స్త్రీలకు తలలు దువ్వి సింగారించు దుకాణము నడపుచున్నది. భర్త అత్తమామలకని మంచి తినుబండారములు కొనితేగా, ఇంత ఖరీదైనవి వీరి కెందుకని కూతురే కసరును. దుకాణమునకు వచ్చిన యామె ఒకతె "ఎవరు వీరు?" అని యడుగగా, "మా ఊరినుండి వచ్చిన తెలిసినవారు" అని బదులు చెప్పును. ఇంతకన్న కఠినమైన మాట చిత్రము మొత్తమున లేదు. అరచుట లేదు, కొట్టుట లేదు, ఇంటినుండి గెంటుట లేదు.

బిడ్డలిద్దరును డబ్బు వేసికొని తలిదండ్రులను అటామి యను వేడినీటి బుగ్గల ఊరికి విహారమునకు పంపుదురు. చూచుటకు ఇది భక్తివలెనే యుండును. నిజమునకు ఇంటిలోనుండి కొంతసేపు పంపివేయుటయే. ఆ హోటలులో రాత్రియంతయు పడుచువారు పాటలు పాడుచు గోల చేయుచుందురు. ముసలివారికి నిద్ర లేదు. ఉదయమున సముద్రపు గట్టుమీద కూర్చుండి, ఇంటికి పోవుదమా యనుకొందురు. లేవబోయిన ముసలామెకు తల తిరుగును. ఒక్క క్షణము. రాబోవు దానికి సూచన అంతే.

మరి వీరిని ఆదరించినదెవరు? యుద్ధములో పోయిన రెండవకొడుకు భార్య నోరికో. రక్తసంబంధము లేనిది. చిన్న యుద్యోగము, ఒంటిగది కాపురము. ఒకదినము సెలవు తీసికొని అత్తమామలను బస్సులో నగరమంతయు త్రిప్పి చూపును. ప్రక్కవాటానివారిని మద్యమును పాత్రను బదులడిగి తెచ్చి మామకు మర్యాద చేయును. అత్త ఒక రాత్రి ఆమె గదిలో, చనిపోయిన కొడుకు పక్కమీద పండుకొని, "నీవు మరల పెండ్లి చేసికొనుము, మా సంగతి చూడకుము" అని చెప్పును. మన రాజమహేంద్రవరములో వీరేశలింగముగారు 1881లో మొదటి వితంతువివాహము జరిపించునప్పుడు పడిన పాట్లు తలచుకొన్నచో, ఒక అత్తగారి నోట ఈ మాట వచ్చుట యెంత గొప్పదో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఊరికి మరలిపోవుచు ఆ దంపతులు తమ బిడ్డలను గూర్చి మాటలాడుకొందురు. చిన్ననాడు ఇంతకన్న మంచివారుగా నుండిరి, అయినను లోకములో చాలమంది బిడ్డలకన్న మనవారే నయము, మనము అదృష్టవంతులమే యని నిశ్చయించుకొందురు. ఈ మాటను వారు నమ్మి చెప్పిరా, ఒకరినొకరు ఓదార్చుకొనుటకు చెప్పిరా? రెండుమారులు చూచితిని. నాకు రెండును నిజమనియే తోచినది.

ఇల్లు చేరినంతలో ముసలామెకు జబ్బు. టెలిగ్రాములు పోవును. బిడ్డలందరును వత్తురు. పెద్దకూతురు దుఃఖవస్త్రములు ముందే సర్దుకొని వచ్చును. దహనమైన పిదప భోజనముల దగ్గరనే, అమ్మ కట్టిన ఫలానా వస్త్రము నా కిమ్మని యడుగును. తరువాత ఎవరి రైలుకు వారు. ఈ కూతురు ఏడ్వలేదా? గట్టిగానే ఏడ్చినది. ఆమె యేడ్పు నిజమే, వస్త్రమడుగుటయు నిజమే. మన చావిళ్లలో ఇట్టిది మనము చూడలేదా? ఓజూ ఆమెను నిందింపడు. కడపటి చెల్లెలు మాత్రము కోపపడి, ఇట్టివారును బిడ్డలేనా యనును. నోరికో ఆమెను వారించి, వయసు వచ్చినకొలది ఎవరి సంసారము వారికి ముఖ్యమగుననియు, తానును అట్లే కావచ్చుననియు చెప్పును.

ఆ మామయును కోడలును మాటలాడుకొను ఘట్టమే చిత్రమునకు కీలకము. నీవు మా బిడ్డలకన్న మంచిదానవని మామ మెచ్చుకొనగా, నేను మీరనుకొన్నంత మంచిదానను కాను, పోయిన భర్తను తలవని దినములును ఉన్నవని ఆమె యొప్పుకొనును. ఆయన ఆమె యథార్థవాదిత్వమును మెచ్చి, భార్య గడియారమును ఆమె కిచ్చును. కూతురు అడిగి తీసికొన్నది చీర. కోడలు అడుగకయే పొందినది గడియారము. ఈ పోలికను దర్శకుడు ఎత్తి చూపడు. చూచువాడే చూచుకొనవలెను.

ఈ చిత్రము తీసిన తీరునుగూర్చి ఒకమాట. ఓజూ కెమేరాను ఇంచుమించు చాపమీద కూర్చున్న మనిషి చూపెత్తున అమర్చును. దానిని అటునిటు పరుగెత్తింపడు. కావున చూచుచున్నంతసేపును మనము వారి యింటిలో చాపమీద కూర్చుండి వారి మాటలు వినుచున్నట్లే యుండును. నేల కూర్చుండుట మరువని పెద్దలకు ఈ చూపు వెంటనే చుట్టరికము కలుపును. తండ్రి వేషధారి చిషూ ర్యూకు అప్పటికి నలువదితొమ్మిదేండ్లు మాత్రమే. కూతురి వేషధారిణి ఆయనకన్న అయిదేండ్లే చిన్నది. ఓజూ పెండ్లి చేసికొనలేదు, తల్లితోడనే కాలము గడపెను. 1963లో, తన అరువదవ పుట్టినదినముననే మరణించెను.

భాష తెలియక యెట్లు చూడవలెనని మీరడుగవచ్చును. ఈ చిత్రములకు క్రింద ఇంగ్లీషు అక్షరములు పడుచుండును. చదువుకొన్న మనుమనినో మనుమరాలినో ప్రక్కను కూర్చుండబెట్టుకొని, తెలుగున చెప్పుమనుడు. రెండుగంటల పదునారు నిమిషముల చిత్రమిది; ఒకేమారు చూడనక్కరలేదు, రెండు సాయంకాలములుగా చూడవచ్చును. నా ప్రక్కను కూర్చుండి చదివిన పిల్లవాడు మొదట, ఇందులో ఏమియు జరుగుట లేదని విసుగుకొనెను. చివరి భాగమున చదువుట మానివేసెను. నేనును చదువుమని యడుగలేదు. మాటలు తెలియకున్నను సంగతి తెలియుచునేయుండెను.

వంగదేశపు చిత్రము సత్యజిత్ రాయ్ 1955లో వెలువరించిన "పథేర్ పాంచాలి". దీనిని గూర్చి విననివారు అరుదు. అపు, దుర్గ యను పిల్లలిద్దరి కథగా దీనిని చెప్పుకొందురు. నేను ఈ మారు చూచినది మాత్రము ఇందిర్ ఠాక్రూన్ అను ముసలామె కొరకే. ఆమె ఆ యింటికి దూరపుచుట్టము. పండ్లు లేవు, నడుము వంగినది, మూటయే ఆస్తి. ఇంటి యిల్లాలు బీదరాలు. తన బిడ్డలకే చాలని యింటిలో ఈమె ఒక నోరు. ఆ యిల్లాలిని రాక్షసిగా చూపలేదు. ఆకలి మనిషిని ఎంత చిన్నదానిని చేయునో అంతే చూపినారు. కడపటిమారు వెడలగొట్టబడిన ముసలామె తిరిగివచ్చి నీరడుగును. నీవే ముంచుకొనుమని బదులు. త్రాగగా మిగిలిన నీటిని ఆమె ఒక చిన్న మొక్కకు పోసి, వెదురుతోపులోనికి నడచిపోవును. అచ్చటనే కూర్చున్నది కూర్చున్నట్లుగా ప్రాణము విడుచును. దుర్గ ఆటగా తట్టగా ప్రక్కకు ఒరగిపోవును.

ఆ వేషము ధరించిన చునీబాలాదేవి పూర్వము నాటకములలోను మూకీచిత్రములలోను వేషములు కట్టి మానుకొన్నది. అప్పటి కామెకు ఎనుబదియేండ్ల ప్రాయము. చిత్రమునకు డబ్బు చాలక పని ఆగుచు సాగుచు మూడేండ్లు పట్టగా, చిత్రము ప్రజలకు చూపకముందే ఆమె కాలము చేసినది. పై చిత్రములలో పడుచువారు ముసలి వేషములు వేసిరి. ఇందులో ముడుతలు నిజమైనవి. నటనలో ఎవరిది గొప్పయని యడిగినచో నేను చెప్పలేను గాని, ఆ ముఖమును మరువలేను.

ముసలి తండ్రి కథలలో షేక్‌స్పియరు వ్రాసిన లియరురాజు కథ అన్నిటికిని తాత వంటిది. దానిని జపానులో అకిరా కురొసావా తన డెబ్బదియైదవయేట, 1985లో "రాన్" అను పేర కూతుండ్రకు బదులు కొడుకులను పెట్టి తీసెను. కన్నుల పండువైన యుద్ధములు. నా మనస్సు మాత్రము తడియలేదు. మన కె. వి. రెడ్డిగారు అంతకు ముప్పదియారేండ్లు ముందుగానే, 1949లో, అదే కథకు పింగళి నాగేంద్రరావుగారిచేత మాయలు మంత్రములు చేర్పించి "గుణసుందరి కథ"గా తెలుగువేషము తొడిగిరి. గోవిందరాజుల సుబ్బారావుగారు రాజు. కూతుండ్రు తన్ను పొగడవలెనని సభలో ఎదురుచూచునప్పుడు ఆయన ముఖము చూడుడు. మొగమాటము లేని పసివాని యాశ అది. ఆయన తరువాత "షావుకారు"లో చెంగయ్యగాను, "కన్యాశుల్కము"లో లుబ్ధావధానులుగాను కనబడిరి. వృద్ధవేషమును హాస్యమునకు ఎరగా వేయక, మనిషిని మనిషిగా నిలువబెట్టిన మహానటుడాయన.

ఇక మన తెలంగాణపు చిత్రము. "బలగం" 2023 మార్చి 3వ తేదీన విడుదలైనది. అంతవరకు హాస్యపాత్రలు ధరించుచుండిన యెల్దండి వేణు దీనికి దర్శకుడు. ఆయనకు ఇదియే మొదటి ప్రయత్నము. సిరిసిల్ల ప్రాంతమువాడగుటచే అచ్చటి పల్లెనే, అచ్చటి మాటనే తెరకెక్కించెను. కొమురయ్య యను ముసలాయన ఉదయమున ఊరంతయు తిరుగుచు, కనబడినవారినెల్ల పరాచికములాడుచు, ఇల్లు చేరి ప్రాణము విడుచును. మిగిలిన చిత్రమంతయు ఆయన కర్మకాండయే. మనుమడు సాయిలు అప్పులపాలై, పెండ్లికట్నముతో అవి తీర్చుకొనవలెనని చూచుచుండగా తాత చావు అడ్డు వచ్చును. తాతకొరకు గాక, చెడిన పెండ్లికొరకు వాడు దిగులుపడుట మొదట నవ్వు పుట్టించును. చావింట నవ్వేమని కొందరు తప్పుపట్టిరి. నేను పట్టను. చావింట నవ్వు లేకుండుట ఏ ఊరిలో చూచితిమి? పాడె కట్టుచోట, వంటలచోట, చుట్టములు మర్యాదలకు అలుగుచోట ఎన్ని నవ్వులు!

మూడవనాడు పెట్టిన పిండమును పిట్ట ముట్టలేదు. అయిదవనాడును ముట్టలేదు. పోయినవాని మనస్సులో ఏదియో తీరని కోరిక యున్నదని ఊరివారందురు. తరచి చూడగా, ఇరువదియేండ్లుగా కూతురు లక్ష్మి పుట్టింటి గడప త్రొక్కలేదు. కారణమా? అల్లునికిని పెద్దకొడుకునకును భోజనములవేళ నల్లిబొక్కకొరకు వచ్చిన మాటపట్టింపు. నగరవాసి యొకడు నాతో, ఇంత చిన్న కారణమునకు ఇరువదియేండ్ల పగయా, నమ్మదగియున్నదా యనెను. వానికి పల్లె తెలియదు. పొలముగట్టు తగవు కోర్టుకెక్కి యేనాటికైన తీరును. విస్తరిదగ్గర జరిగిన యవమానము తీరదు. ఎముక ఎంతటిదను ప్రశ్నయే లేదు. నలుగురిలో ఎవరికి వడ్డించిరి, ఎవరిని విడిచిరి యనునదే ప్రశ్న. ఈ గ్రహింపులో మన వేణు ఓజూకు తీసిపోడు.

పదునొకండవనాడు బుడిగజంగములు వచ్చి చనిపోయినవాని జీవితమును పాటగా చెప్పుదురు. మొగిలయ్య, కొమురమ్మ యను నిజమైన జానపదగాయకదంపతులే ఆ పాట పాడిరి. వినుచు విననట్లు కూర్చున్న కొడుకులు, కూతురు, అల్లుడు ఒక్కొక్కరే కరగిపోవుదురు. ఒక గాయకుడు తన యింటి గుట్టు నలుగురిలో పాడుచుండగా బిగబట్టుకొని కూర్చుండుట యెంత కష్టమో ఎరిగినవారు ఆ ఘట్టము కల్పితమనరు. ఈ చిత్రములోని పల్లెపాటకు కాసర్ల శ్యామునకు జాతీయ బహుమానము వచ్చినట్లు 2025లో ప్రకటించిరి.

2023లో తెలంగాణపు పల్లెలలో ఈ చిత్రమును రాత్రివేళ ఆరుబయట తెరలు కట్టి చూపిరి. పంచాయతీ యావరణలలో, బడి మైదానములలో, ఊరివారందరును చాపలు పరచుకొని కూర్చుండి చూచిరి. చిత్రము చూచిన పిదప యేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు మాటలాడుకొనిరని వార్తలు వచ్చెను. టికెట్టు కొనక చూపించుట నిర్మాతలకు నష్టమే. ఆ సంగతి కాదనను. కాని ఊరంతయు ఒక్కచోట కూర్చుండి ఏడ్చిన చిత్రము మరల ఎన్నడు వచ్చునో!

నాకు నచ్చనివియు ఉన్నవి. సాయిలు మారినతీరు మరీ త్వరితముగా జరిగినది. వాడు మేనత్త కూతురివైపు చూచినది కట్నమునకే గదా. ఆ యాశ ఎప్పుడు ప్రేమగా మారినదో నాకు స్పష్టము కాలేదు. ఆ పిల్ల మనస్సు ఏమియో అసలే తెలియలేదు. లక్ష్మికి ఇరువదియేండ్లు పుట్టిల్లు లేకపోయినది మగవారిద్దరి పట్టుదలవలననే గదా. ఆమె ఒక్కమారైన వారిద్దరిని నిలదీసి యడిగియుండవలసినది. ఏడ్చుటకే ఆమెను ఉంచిరి. అన్నిటికన్న ముఖ్యము, తీర్పు పక్షికి విడుచుట. పిట్ట మొదటిదినముననే వచ్చి మెతుకు ముట్టియుండినచో వీరు కలిసియుందురా? కలియరు. తండ్రి బ్రదికియున్న ఇరువదియేండ్లలో ఆయన దిగులును కనిపెట్టలేనివారు, కాకి దిగులును పదునొకండు దినములలో కనిపెట్టిరి. దర్శకుడు దీనిని ఎగతాళిగానే పెట్టెనేమో యని రెండవమారు చూచునప్పుడు అనుమానము కలిగినది. అట్లైనచో ఆయనకు నా నమస్కారము.

కొమురయ్య వేషమున సుధాకరరెడ్డి కనబడినది కొంచెము సేపే. బీడీ నోటబెట్టుకొని వీధివెంట పోవుచు, ప్రతి గడపయెదుట ఒక మాట విసరుచు, ఎవరు తిట్టినను నవ్వుచు పోవు ఆ నడకను ఇంకొక పావుగంట చూపియుండవలసినదని నా కోరిక. ఆయన కూతురిని గూర్చి ఎన్నడును నోరెత్తడు. ఆ నవ్వు క్రింద ఏమున్నదో తెలిసిన తరువాత మొదటినుండి మరల చూచితిని. పరాచికములన్నియు వేరుగా వినబడినవి.